టీషర్టు మీద బొమ్మ చెడిందా? తేడా ఏ పొరలో వచ్చిందో ముందు చూడండి

గాజువాకలో నాది చిన్న ప్రింటింగ్ షాపు. వారానికి ఇద్దరు ముగ్గురైనా చెడిపోయిన టీషర్టు పట్టుకొని సలహా కోసం వస్తారు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో పిల్లలకి బొమ్మ వేసిన అమ్మలు, కొత్తగా హీట్ ప్రెస్ (వేడి ప్లేటుతో గుడ్డను నొక్కే మిషను) కొని పని మొదలుపెట్టిన కుర్రాళ్ళు. అందరి నోటా మొదట వచ్చే మాట "పేపర్ బాలేదన్నా" అనే. పేపర్ నిజంగా బాగోని సందర్భాలు నేను చాలా తక్కువ చూశాను.

ట్రాన్స్‌ఫర్ పేపర్ అంటే బొమ్మను ప్రింట్ చేసి, వేడితో గుడ్డ మీదకి దించే కాగితం. చూడటానికి ఒకటే, కానీ అందులో పొరలు ఉంటాయి. అడుగున గట్టి కాగితం. దాని మీద జారుడు పొర, అంటే పైన ఉన్నవాటిని చివర్లో వదిలేయాల్సిన పొర. దానిపైన వేడికి కరిగే ప్లాస్టిక్ పొర. గుడ్డలోకి దిగి పట్టుకునేది ఇదే. అన్నిటికన్నా పైన ఇంకు పీల్చుకునే పొర. ముదురు రంగు గుడ్డలకు వాడే డార్క్ పేపర్‌లో వీటికి తోడు తెల్లటి పొర ఒకటి ఉంటుంది, నల్ల గుడ్డ మీద కూడా రంగులు తేలేందుకు. బొమ్మ చెడిందంటే ఈ పొరల్లో ఏదో ఒకటి తన పని చేయలేకపోయిందని అర్థం. అది ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

సమస్య: బొమ్మలో బుడగలు, అక్కడక్కడ పైకి లేచిన మచ్చలు

మన విశాఖలో ఎక్కువగా వచ్చే తేడా ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. దీనికి కారణం తేమ.

కాటన్ గుడ్డ ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. కానీ గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు కాటన్ తన పొడి బరువులో దాదాపు 8.5 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది. అదే పాలిస్టర్ అయితే అర శాతం కూడా ఉండదు. 170 గ్రాముల కాటన్ టీషర్టులో 14 గ్రాముల దాకా నీళ్ళు ఉన్నాయన్నమాట, అంటే దాదాపు ఒక పెద్ద చెంచాడు. సముద్రం పక్కన ఉన్న మనకి 65 దాటే రోజులే ఎక్కువ. 180 డిగ్రీల ప్లేటు దాని మీద పడగానే ఆ నీరు ఆవిరై బయటికి పోవడానికి దారి వెతుక్కుంటుంది. పైన ప్లాస్టిక్ పొర కరుగుతూ ఉంటుంది. ఆవిరి దాన్ని తోసుకొని పైకి లేపుతుంది. అదే బుడగ.

ఒకసారి వినాయక చవితికి ఒక వీధి కుర్రాళ్ళు నలభై టీషర్టులు చెప్పారు. బయట వాన. టీషర్టుల అట్టపెట్టె షాపు గుమ్మం పక్కన నేల మీదే ఉండిపోయింది. మొదటి పది టీషర్టుల్లో ఏడింటికి బుడగలు వచ్చాయి. పేపర్ మార్చాను, వేడి పెంచాను, ఏమీ మారలేదు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఒక టీషర్టును ఖాళీగా ప్రెస్ చేసి ఎత్తితే ప్లేటు కింద నుంచి పొగలా ఆవిరి లేచింది. అప్పుడు గానీ విషయం అర్థం కాలేదు.

పరిష్కారం: బొమ్మ పెట్టే ముందు టీషర్టును ఒట్టిగా 5 నుంచి 10 సెకన్లు ప్రెస్ చేయండి. ప్లేటు ఎత్తి ఆవిరి పోనివ్వండి. వానాకాలంలో ఇది రెండుసార్లు చేయండి. ఆ వెంటనే బొమ్మ పెట్టేయాలి. టీషర్టు ఫ్యాన్ కింద అరగంట పడి ఉంటే మళ్ళీ తేమ పీల్చుకుంటుంది.

పేపర్‌కీ ఇదే జాగ్రత్త కావాలి. ఇంకు పీల్చుకునే పొర తేమను కూడా పీల్చుకుంటుంది. ప్యాకెట్ విప్పాక మిగిలిన షీట్లను జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టి, బీరువాలో పడుకోబెట్టండి. నిలబెడితే అంచులు వంగి ప్రింటర్‌లో ఇరుక్కుంటాయి. ప్రింట్ తీశాక వెంటనే ప్రెస్ చేయకుండా పదిహేను ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. తడి ఇంకు కూడా నీరే కదా.

సమస్య: సగం బొమ్మ పేపర్‌కే అతుక్కొని ఉండిపోయింది

ఇక్కడ తేడా జారుడు పొరకీ కరిగే పొరకీ మధ్య వచ్చింది. మొదటి కారణం, మీ పేపర్ వేడిగా ఉండగా లాగే రకమా, చల్లారాక లాగే రకమా అన్నది చూసుకోకపోవడం. వేడిగా లాగాల్సినదాన్ని చల్లారనిస్తే కరిగిన పొర మళ్ళీ గట్టిపడి కాగితాన్నే పట్టుకుంటుంది. చల్లారాక లాగాల్సినదాన్ని వేడిలో లాగితే బొమ్మ చిరిగిపోతుంది. ప్యాకెట్ మీద తప్పకుండా రాసి ఉంటుంది, చదవండి.

రెండో కారణం, ఒత్తిడి అంతటా సమానంగా పడకపోవడం. కాలర్, కుట్టు, గుండీ ప్లేటు కిందికి వస్తే వాటి పక్కన గుడ్డకీ ప్లేటుకీ మధ్య ఖాళీ మిగులుతుంది. వాటిని ప్లేటు బయటికి జరపండి. కుదరకపోతే బొమ్మ వచ్చే చోట టీషర్టు లోపల దళసరి ఫోమ్ ముక్క పెట్టి ఎత్తు చేయండి.

మూడోది వేడి చాలకపోవడం. సాయంత్రం పూట మా వైపు కరెంటు డల్ అవుతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 200 వస్తే హీటర్ ఇచ్చే వేడి నాలుగో వంతు తగ్గిపోతుంది. ఎందుకంటే అది వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. ఒక టీషర్టు తీసి ఇంకోటి పెట్టేలోపు ప్లేటు కోలుకోదు. పెద్ద ఆర్డరు ఉంటే పగలు చేయండి, లేదా ప్రతి టీషర్టుకీ మధ్య ఒక నిమిషం ఆగండి. డిస్‌ప్లే మీద కనిపించే అంకె సెన్సర్ ఉన్న చోటుది. ప్లేటు మూలల్లో అంత వేడి ఉండకపోవచ్చు.

ఇస్త్రీపెట్టెతో చేసేవాళ్ళు ఆవిరి ఆపేయండి. కింద మెత్తటి పరుపు వద్దు, గట్టి బల్ల మీద పల్చటి కాటన్ గుడ్డ వేసుకోండి. ఆవిరి రంధ్రాలు ఉన్న చోట ప్లేటు గుడ్డకి తగలదు కాబట్టి పెట్టెను నెమ్మదిగా జరుపుతూ, బరువు వేసి నొక్కాలి.

సమస్య: అక్షరాలు తిరగబడ్డాయి

లేత రంగు గుడ్డలకు వాడే లైట్ పేపర్‌ను గుడ్డ మీద బోర్లా పెడతాం కాబట్టి ప్రింట్‌లో మిర్రర్ (బొమ్మను అద్దంలోలా తిప్పే సెట్టింగ్) పెట్టాలి. డార్క్ పేపర్‌ను వెనక కాగితం ఒలిచి, బొమ్మ పైకి కనిపించేలా పెడతాం, దానికి మిర్రర్ అక్కర్లేదు. పైన బటర్ పేపర్ మాత్రం తప్పకుండా కప్పండి. లేదంటే బొమ్మ ప్లేటుకి అంటుకుపోతుంది. "విశాఖ" అని రాసిన నాలుగు టీషర్టులు ఇలాగే పాడైపోతే ఒక తమ్ముడు ఏడుపు ముఖంతో వచ్చాడు. తిరగబడ్డ అక్షరాలకి మందు లేదు, అందుకే ముందు మామూలు కాగితం మీద ఒక ప్రింట్ తీసి చూసుకోండి.

సమస్య: ప్రింట్ తీసినప్పుడే ఇంకు పాకింది

పేపర్‌కి రెండో వైపు ప్రింట్ చేశారేమో చూడండి. వెనక వైపు చాలా కంపెనీలు గళ్ళో గీతలో వేస్తాయి. సరైన వైపే అయితే ప్రింటర్ సెట్టింగ్‌లో ఫోటో గ్లాసీ తీసేసి ప్లెయిన్ లేదా మ్యాట్ పెట్టండి, ఇంకు తక్కువ పడుతుంది. పేపర్ తేమ పీల్చినా ఇలాగే పాకుతుంది.

ఒక హెచ్చరిక. ఇంక్‌జెట్ కోసం చేసిన ట్రాన్స్‌ఫర్ పేపర్‌ను లేజర్ ప్రింటర్‌లో పెట్టకండి. లేజర్‌లో కాగితం వేడి రోలర్ల మధ్య నుంచి పోతుంది. కరిగే పొర అక్కడే కరిగి రోలర్‌కి చుట్టుకుంటుంది. ఆ రిపేరు ఖర్చు చాలా టీషర్టుల లాభం.

సమస్య: ఉతికాక పగుళ్ళు, అంచులు లేవడం, రంగు వెలవడం

ఈ మూడూ ఒకటి కాదు, జాగ్రత్తగా చూడండి. అంచులు లేస్తే అక్కడ ఒత్తిడి గానీ వేడి గానీ చాలలేదు. బటర్ పేపర్ వేసి మళ్ళీ 10 సెకన్లు ప్రెస్ చేస్తే చాలాసార్లు దారికొస్తుంది. మధ్యలో సన్నటి పగుళ్ళు వస్తే ప్లాస్టిక్ పొర దారాల్లోకి దిగకుండా పైనే ఉండిపోయిందని అర్థం. లైట్ పేపర్ ఒలిచిన వెంటనే, గుడ్డ ఇంకా వేడిగా ఉండగా అడ్డంగా కొద్దిగా సాగదీస్తే ఈ పగుళ్ళు తగ్గుతాయి. రంగు మాత్రమే వెలిస్తే తప్పు ఇంకుది. డై ఇంకు నీళ్ళలో కరుగుతుంది. నీళ్ళలో కరగని పిగ్మెంట్ ఇంకు వాడండి.

మొదటి ఉతుకు 24 గంటల తర్వాతే. లోపలి వైపు బయటికి తిప్పి, చన్నీళ్ళలో ఉతకాలి. బండ మీద బాదకూడదు, బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెట్టకూడదు. నేను ప్రతి కవర్లో ఈ నాలుగు మాటలు రాసిన చీటీ పెడతాను. అది మొదలుపెట్టాక తిరిగి వచ్చే టీషర్టులు బాగా తగ్గాయి.

సమస్య: బొమ్మ చుట్టూ పసుపు చట్రం

వేడి ఎక్కువైంది, లేదా సేపు ఎక్కువైంది. 5 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పాత గుడ్డ మీద పరీక్షించండి. లైట్ పేపర్‌లో ప్రింట్ లేని చోట కూడా ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది గుడ్డ మీదకి దిగి చట్రంలా కనిపిస్తుంది. బొమ్మ అంచు నుంచి 2, 3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి, మూలలు గుండ్రంగా తీయండి. మొన కోసుగా ఉన్న మూలే ఉతుకులో ముందు లేస్తుంది.

సమస్య: ఎర్ర జెర్సీ మీద తెల్ల బొమ్మ గులాబీ రంగుకి తిరిగింది

బీచ్ రోడ్డులో ఆదివారం పరిగెత్తే బృందాలు అడిగేవి ఎక్కువగా పాలిస్టర్ జెర్సీలే. పాలిస్టర్‌కి వేసే రంగు ఎక్కువ వేడికి ఆవిరై తెల్ల పొరలోకి ఎక్కుతుంది. కొన్నిసార్లు రెండు రోజుల తర్వాత గానీ బయటపడదు. తక్కువ వేడికి అంటుకునే పేపర్ అడిగి తెచ్చుకోండి. ముందు ఒక్క జెర్సీ మీద వేసి, రెండు రోజులు ఆగి చూశాకే మిగతావి మొదలుపెట్టండి. రెయిన్‌కోటు, నీళ్ళు అంటని బ్యాగుల గుడ్డ అయితే ఆర్డరే ఒప్పుకోకండి. వాటి మీద ఉన్న పూత కరిగే పొరను పట్టనివ్వదు.

పూర్తిగా చెడిపోయిన టీషర్టు మీద ఇంకో బొమ్మ వేసి కప్పేయాలని చూడకండి, రెండు పొరలు కలిసి అట్టలా బిగుసుకొని ఒంటికి గుచ్చుకుంటాయి. దాన్ని చేతి వెడల్పు ముక్కలుగా కోసి ప్రెస్ పక్కనే ఒక డబ్బాలో పెట్టుకోండి. కొత్త ప్యాకెట్ విప్పిన ప్రతిసారీ మొదటి బొమ్మ వేయాల్సింది వాటి మీదే.