పాత వీడియో క్యాసెట్ దొరికిందా?

తిరుపతిలో ఇరవయ్యేళ్లు పెళ్లి వీడియోలు తీసినోణ్ణి, చెప్తా వినండి. క్యాసెట్ దొరగ్గానే వీసీఆర్‌లో తొయ్యొద్దు. క్యాసెట్ మీదుండే చిన్న కిటికీలోంచి టేపు చుట్ట మీద టార్చి కొట్టండి. విభూది చల్లినట్టు తెల్లగా ఉంటే బూజు. అది వేస్తే తర్వాత వేసే క్యాసెట్లకీ అంటుకుంటుంది.

శుభ్రంగా ఉంటే ముందు లేబుల్ అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచెయ్యండి, ఇంక దానిమీద రికార్డవదు. నేను విరవకే, దూరదర్శన్‌లో పట్టిన హరికథ మీద మా బావమరిది నిశ్చితార్థం ఎక్కింది! బీబీసీ అంతటిదే 1960ల ‘డాక్టర్ హూ’ టీవీ సీరియల్ టేపులు చెరిపేసింది. విదేశాలకు అమ్మిన ఫిల్ము కాపీల పుణ్యాన చాలా భాగాలు మిగిలాయి.

తర్వాత చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, వీసీఆర్‌ని పసుపు-తెలుపు-ఎరుపు వైర్లతో క్యాప్చర్ డబ్బాకి (వీడియోని కంప్యూటర్‌కి అందించే చిన్న పరికరం) కలిపి కంప్యూటర్లోకి ఎక్కించండి. రెండుచోట్ల కాపీ పెట్టండి. క్యాసెట్ మాత్రం పారెయ్యొద్దు, తేమ తగలని బీరువాలో నిలబెట్టండి.