లాన్ తీసేశాక తోట మొండికేస్తే

లాన్ తీసేసి పూలమొక్కలు, పొదలు వేసినవాళ్లలో చాలామంది మొదటి ఏడాదే నీరసపడిపోతారు. ఎక్కువసార్లు తప్పు మొక్కలది కాదు, గడ్డి పూర్తిగా చావకముందే నాటేసిన తొందరది.

మొక్కల మధ్య మళ్లీ గడ్డి మొలుస్తోంది

పోచను పీకేయకుండా, పక్కన మట్టి వేలితో తీసి చూడండి. తెల్లగా, కణుపులు కణుపులుగా తాడులా సాగిన కాడ కనిపిస్తే అది గరిక లాంటి మొండి గడ్డి. ఒక్క కణుపు మిగిలినా మళ్లీ లేస్తుంది. మట్టిని తిరగేసే రొటావేటర్ యంత్రం తిప్పారో, తెగిన ప్రతి కాడ ముక్కా ఒక మొక్కే! మట్టిని తడిపి, గుల్ల చేసి, కాడ తెగకుండా చివరిదాకా లాగాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి దగ్గరిదారి లేదు.

ఇంకా నాటని చోట అట్టపెట్టెలు విప్పి, టేపు పీకేసి, ఒకదాని అంచు మీద ఇంకొకటి 15 సెంటీమీటర్లు ఎక్కేలా పరిచి తడపండి. పైన 10 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో చెక్కముక్కలో వేయండి. మామూలు గడ్డి కొన్ని నెలల్లో కుళ్లిపోతుంది. గరిక మాత్రం అట్ట అంచు వెతుక్కుని బయటికొస్తుంది. అందుకే ముందు తవ్వి తీయడం, తర్వాతే అట్ట.

ఆకులు పసుపెక్కుతున్నాయి

రంపపు పొట్టును మట్టిలో కలిపేశారా? దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి. బాగా చివికిన ఎరువు వేసి ఓపిక పట్టండి. ఇకమీదట పొట్టు పైనే ఉండాలి.

పొట్టు కలపకపోతే నీటి సంగతి చూడండి. ఏళ్ల తరబడి గడ్డి కోసే మెషీన్ తిరిగి, కాళ్లు తొక్కి లాన్ కింది నేల గట్టిపడిపోతుంది. 30 సెంటీమీటర్ల గుంట తవ్వి నీళ్లు నింపండి. మర్నాటికీ నిలిచే ఉంటే వేర్లకు ఊపిరాడటం లేదన్నమాట. కంపోస్టు వేసి, మట్టి ఎత్తు చేసి నాటండి.

కాండం మొదట్లో మెత్తబడింది

ఎండుటాకులు కాండాన్ని ఆనుకున్నాయి. నాలుగు వేళ్ల దూరం జరపండి, చాలు.

ఆకుల నిండా చిల్లులు

మందు కొట్టకండి. సీతాకోకచిలుకలు కావాలంటే గొంగళిపురుగులు తినాల్సిందే. మోనార్క్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగైతే జిల్లేడు కుటుంబంలోని మిల్క్‌వీడ్ ఆకులే తింటుంది.

పూలున్నా తేనెటీగలు రావడం లేదు

ముద్దపూలే వేశారేమో చూడండి. రేకలు ఎక్కువై పుప్పొడి అందదు. ఒంటిరేకు రకాలు కలపండి. పైగా తేనెటీగ జాతుల్లో ఎక్కువ భాగం నేలలో బొరియలు చేసుకునేవే. ఎండ తగిలే చోట గజం నేలనైనా ఏమీ కప్పకుండా వదిలేయండి.