జెల్ ప్రింట్ మీద స్టాంప్ ఇంకు నిలవట్లేదా? ఆర్ట్ జర్నల్ బ్యాక్‌గ్రౌండ్‌లకు సమస్య - పరిష్కారం

జెల్ ప్రింట్ అంటే మెత్తటి జెల్ ప్లేట్ మీద రోలర్‌తో యాక్రిలిక్ పెయింట్ పరిచి, పైన కాగితం అద్ది తీసే ప్రింట్. ఇలా పొరలు పొరలుగా వేసిన బ్యాక్‌గ్రౌండ్ పాడైతే రంగులు సరిగ్గా ఎంచుకోలేదని అనుకుంటాం. నా పాత జర్నల్ తిరగేసి చూస్తే చాలా పేజీల్లో తప్పు రంగులది కాదు, కింది పొరది. అది ఆరకముందే పైది వేశాను, లేదంటే ఆ పొర ఇంకును పీల్చుకోలేదన్న సంగతి పట్టించుకోలేదు. అందుకే కింద ఏ సమస్యకైనా ముందు కింది పొర సంగతే చూడండి.

స్టాంప్ వేసి గంటలైనా చెయ్యి తగిలితే చెదిరిపోతోంది

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే. ఆరిన యాక్రిలిక్ పెయింట్ అంటే కాగితం మీద పరిచిన సన్నని ప్లాస్టిక్ పొర. పిగ్మెంట్ ఇంకు (సన్నటి రంగు పొడి కలిసిన ఇంకు) చాలావరకు కాగితంలోకి ఇంకడం వల్లే ఆరుతుంది, ఇక్కడ ఇంకడానికి దానికి దారి లేదు, కాబట్టి పైపైనే తడిగా ఉండిపోతుంది. డై ఇంకు (రంగు నీళ్లలో కరిగి ఉండే ఇంకు) అయితే ఇంకో రకం: నీళ్ల చుక్కల్లా విడివిడి బొట్లుగా చేరి, స్టాంప్ గీతలు తెగిపోయినట్టు కనిపిస్తాయి.

ముందు ఇంక్ ప్యాడ్ మీద ఏం రాసి ఉందో చదవండి. ఆరిన తర్వాత నీళ్లకు చెదరని ఆర్కైవల్ రకం ఉంటే జెల్ ప్రింట్ల మీద అదే వాడండి. మీ దగ్గర పిగ్మెంట్ ప్యాడే ఉంటే హీట్ గన్‌ను జానెడు దూరంలో పెట్టి, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఆరబెట్టండి. దగ్గరగా పెడితే కింది పెయింట్‌లో బుడగలు వస్తాయి. అన్నిటికంటే నాకు బాగా పనికొచ్చింది మాత్రం స్టాంప్ వేసే ముందు ప్రింట్ మీద మ్యాట్ మీడియంగానీ క్లియర్ జెస్సోగానీ (రెండూ మెరుపు లేని పారదర్శక యాక్రిలిక్ పూతలే) ఒక పల్చటి పూత వేసి పూర్తిగా ఆరనివ్వడం. నున్నటి పొర కాస్త గరుకుగా మారి ఇంకును పట్టుకుంటుంది.

డై ఇంకు ఇప్పటికే వేసేసి ఉంటే బాధపడకండి, ఆ పొర మీద అది తడిబట్టతో తుడిస్తే చాలావరకు పోతుంది. ఈ గుణాన్నే వాడుకోవచ్చు కూడా: పేజీ అంతా డై ఇంకు అద్ది, పైన స్టెన్సిల్ పెట్టి తడిబట్టతో తుడిస్తే కింది ప్రింట్ డిజైన్‌లా బయటపడుతుంది. తర్వాత స్ప్రే వార్నిష్‌తో సీల్ చేయండి. బ్రష్‌తో పూత పూస్తే ఉన్న ఇంకు కూడా లేచి వస్తుంది.

తెల్ల పెయింట్ వేస్తే గులాబీ రంగులోకి తిరుగుతోంది

ఈసారి వరుస తిరగబడింది. ఖాళీ కాగితం మీద ముందు డై ఇంకు వేశారు, తర్వాత పెయింట్ వేశారు. పెయింట్‌లోని నీటికి ఇంకు మళ్లీ కరిగి పైకి ఊరుతుంది. ఇంకా రెండు పూతలు తెలుపు వేసినా అవీ రంగు తిరుగుతాయి, పెయింట్ దండగ. ముందు స్ప్రే వార్నిష్‌తో సీల్ చేసి, ఆరాక తెలుపు వేయండి. లేదా ఆ ఊరిన రంగు బాగుందనిపిస్తే అలాగే వదిలేయండి, నేను చాలాసార్లు వదిలేశాను.

ప్రింట్ సగమే వచ్చింది, మిగతాది ప్లేట్‌కే అతుక్కుంది

కాగితం పెట్టేలోపే పెయింట్ ఆరిపోయిందన్నమాట. ఫ్యాన్ కింద, వేడిగా ఉన్న గదిలో ఇది క్షణాల్లో జరిగిపోతుంది. ఫ్యాన్ ఆపండి, స్టెన్సిళ్లు, కాగితం ముందే చేతికి అందేలా పెట్టుకోండి, పెయింట్‌లో రెండు చుక్కలు రిటార్డర్ (పెయింట్ త్వరగా ఆరకుండా చేసే ద్రవం) కలపండి. ప్లేట్ కొత్తదై పెయింట్ చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే పైన నూనె ఉందని అర్థం, సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి ఆరబెట్టండి.

ప్లేట్ మీద ఆరిపోయిన ముక్కల్ని మాత్రం గీకకండి. లేత రంగు పెయింట్ కొంచెం పల్చగా రోలర్‌తో పరిచి, కాగితం అద్ది, పదిహేను ఇరవై నిమిషాలు అలాగే ఉంచి, ఒక మూల నుంచి నిదానంగా లాగండి. పాత ముక్కలన్నీ కొత్త పెయింట్‌తోపాటు కాగితం మీదకు వచ్చేస్తాయి. నా జర్నల్‌లో అందమైన బ్యాక్‌గ్రౌండ్‌లు చాలావరకు ఇలా వచ్చినవే, ఎందుకంటే నాలుగైదు ప్రింట్ల మిగుళ్లు ఒకే పేజీలో కలుస్తాయి.

ఇదే పద్ధతిలో ఆర్కైవల్ ఇంకుతో నేరుగా ప్లేట్ మీదే స్టాంప్ వేసి, అది ఆరాక పైన పెయింట్ పరిచి లాగొచ్చు. సాల్వెంట్ ఇంకులు (నీటికి బదులు రసాయన ద్రావకంతో చేసినవి) మాత్రం ప్లేట్‌కి తగలనివ్వకండి, మరక పోదు.

స్టెన్సిల్ గీతలు అలుక్కుపోయాయి

పెయింట్ ఎక్కువైంది. రోలర్ తిప్పుతుంటే జిగటగా శబ్దం వస్తోందంటే ఇంకా ఎక్కువే ఉంది, కొంత పాత కాగితం మీద తిప్పేసి మళ్లీ ప్లేట్ మీదకు రండి.

అన్నీ కలిసి బురద రంగైంది

ఎదురెదురు రంగులు, అంటే ఎరుపు-ఆకుపచ్చ, నీలం-నారింజ లాంటివి, తడిమీద కలిస్తే గోధుమ రంగే వస్తుంది. ఒక్కో పొరా ఆరనివ్వండి. వేలితో ముట్టి చూడటం చాలదు, అరచేతి వెనుక వైపు ఆనించి చూడండి: చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. ఇప్పటికే బురదైన పేజీకి ఇంకో ముదురు రంగు కలపకండి. స్టెన్సిల్ గుండా తెలుపో లేత పసుపో అద్ది అక్కడక్కడ ఖాళీ తెరవండి, దానిమీద ఒక ఘోస్ట్ ప్రింట్, అంటే ప్లేట్ మీద మిగిలిన పెయింట్‌తో తీసే రెండో ప్రింట్, తీస్తే పేజీ మళ్లీ ఊపిరి పీల్చుకుంటుంది.

కాగితం చుట్టుకుపోతోంది, చిరుగుతోంది

మామూలు 80 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) కాగితం కోసి అతికించే కొలాజ్‌కు బాగుంటుంది. జర్నల్ పేజీలకు 120 పైన తీసుకోండి. మెరిసే ఫోటో పేపర్‌ను మాత్రం ప్లేట్ మీద పెట్టొద్దు, అతుక్కుంటే ప్లేట్ పైపొరే ఊడొస్తుంది.

జర్నల్ మూశాక పేజీలు అతుక్కుంటున్నాయి

యాక్రిలిక్ ఆరినట్టు కనిపించినా కొన్ని రోజులపాటు లోపల గట్టిపడుతూనే ఉంటుంది, రెండు పెయింట్ పేజీలు ఒత్తిడిలో ఎదురెదురుగా ఉంటే అంటుకుంటాయి. కొత్త పేజీల మధ్య బేకింగ్ పేపర్ పెట్టి మూయండి, పైన బరువులు పెట్టకండి. కొన్ని వారాలైనా జిగురు పోకపోతే పేజీ మీద మ్యాట్ వార్నిష్ వేయండి, లేదా మైనం కొద్దిగా రుద్ది మెత్తటి బట్టతో తుడవండి. కానీ మైనం రుద్దాక ఇక ఇంకుగానీ పెయింట్‌గానీ ఆ పేజీకి పట్టదు, కాబట్టి రాయాల్సిందంతా రాసేశాకే ఆ పని చేయండి.