పైథాన్‌లో లిస్టు ఇస్తే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఉద్యోగుల పేర్లు ఒక లిస్టులో, జీతాలు ఇంకో లిస్టులో పెట్టుకున్నాను. జీతాల లిస్టును ఫంక్షన్‌కి (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కకి) ఇచ్చి లోపల సార్ట్ చేశాను, అంటే వరసలో పెట్టాను. బయట పేర్ల వరస అలాగే ఉంది, జీతాలు మాత్రం తారుమారు! ఒక పూటంతా పోయింది.

ఫంక్షన్‌కి లిస్టు ఇచ్చేటప్పుడు పైథాన్ కాపీ తీయదు. లోపలి వేరియబుల్ పేరూ బయటి వేరియబుల్ పేరూ ఒకే లిస్టును చూపిస్తాయి. అపెండ్ చేసినా (చివర ఒకటి చేర్చినా), సార్ట్ చేసినా బయటా మారుతుంది. లోపల అదే పేరుకి ఈక్వల్ పెట్టి కొత్త లిస్టు ఇస్తే మాత్రం బయటిది చెక్కుచెదరదు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

నేనిప్పుడు సార్ట్ బదులు సార్టెడ్ అనే ఫంక్షన్ వాడి, వచ్చిన కొత్త లిస్టును రిటర్న్ చేస్తాను. అపెండ్ బదులు ప్లస్‌తో కలుపుతాను (ప్లస్ ఈక్వల్ వద్దు, అది పాతదాన్నే మారుస్తుంది). లిస్టులో లిస్టులుంటే మామూలు కాపీ చాలదు, లోపలి లిస్టులకీ కాపీ తీసే డీప్‌కాపీ చేయాలి. అనుమానమొస్తే ఫంక్షన్ లోపలా, పిలిచే ముందు బయటా లిస్టు ఐడీ (పైథాన్ ఇచ్చే గుర్తింపు నంబరు) ప్రింట్ చేయండి. నంబరు ఒకటే అయితే లిస్టూ ఒకటే.