‘పాకం’ అనే మాటను ఎలా వాడాలి?

పాకం అనగానే చిక్కబడిన బెల్లపు నీరో, పంచదార నీరో గుర్తుకు వస్తుంది. వాడుకలో ఆ అర్థం స్థిరపడింది కాబట్టి అందులో తప్పు లేదు. అయితే వండటం, పండటం అనే అర్థాలున్న ‘పచ్’ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం వంట, పక్వానికి రావటం. పాకశాల, నలపాకం అన్నప్పుడు మనం వాడుతున్నది ఆ అర్థమే. పాకం అన్నది ఒక ద్రవానికి పేరు కావటం కన్నా ముందు, ఆ ద్రవం పొయ్యి మీద చేరుకున్న దశకు పేరు అని గుర్తుంచుకుంటే మాటను ఎక్కడ వాడాలో సులువుగా తేలుతుంది.

అందువల్ల వంట విధానం రాసేవారు ‘పాకం చిక్కగా రావాలి’ అని ఊరుకోకూడదు. ఏ పాకమో చెప్పాలి. గులాబ్ జామూన్లకు వేళ్లకు జిగురుగా అంటుకునే లేతపాకం చాలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నని దారంలా సాగితే అది తీగపాకం; బూందీ లడ్డూకు అదే కావాలి. పళ్లెంలోని చన్నీళ్లలో చుక్క వేసినప్పుడు కరిగిపోకుండా, వేళ్లతో దగ్గరికి చేరిస్తే మెత్తని ఉండ అయితే అది ఉండపాకం. అరిసెలకు ఈ దశే ప్రాణం: పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. ఆ ఉండను పళ్లానికి కొట్టినప్పుడు ఠంగుమని మోగితే అది వేరుశెనగ అచ్చులకు తగిన ముదురుపాకం. నీరు ఆవిరయ్యే కొద్దీ మరుగు వేడి పెరుగుతుంది కనుక పంచదార విషయంలో ఈ దశలను అంకెల్లోనూ చెప్పవచ్చు: తీగపాకం సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఉండపాకం 112 నుంచి 116 మధ్య, బాగా ముదిరిన పాకం 150కి చేరువలో వస్తాయి. అయినా, నా దృష్టిలో వేలి కొన మీద పరీక్షించి పెట్టిన పాత పేర్లే చదువరికి ఎక్కువ పనికివస్తాయి.

క్రియల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వండేవారు పాకం ‘పడతారు’. పాకం తనంతట తాను ‘వస్తుంది’, ఆపైన ‘ముదురుతుంది’. ‘బెల్లం పాకం పట్టి, తీగపాకం రాగానే దించాలి’ అన్నది చక్కని తెలుగు వాక్యం. చిక్కబడిన ప్రతిదీ పాకం కాదు. బియ్యం ఉడికిన నీరు గంజి, పిండి కలిపి కాచినది జావ, ఇగిరి ముద్దకట్టిన పాలు కోవా. దగ్గు మందు తియ్యగా, చిక్కగా ఉన్నా దాన్ని సిరప్ అనే అంటాం.

సాహిత్య చర్చలో ఈ మాట కనిపిస్తే బెల్లాన్ని పూర్తిగా మరచిపోవాలి. ద్రాక్షాపాకం అంటే ద్రాక్షరసాన్ని కాచి చేసిన పదార్థం కాదు. నోట పెట్టుకోగానే రసమిచ్చే ద్రాక్షపండులా చదవగానే అర్థమయ్యే కవిత్వం. తొక్క ఒలిచి తినవలసిన అరటిపండు వంటిది కదళీపాకం, పీచు తీసి పెంకు పగలగొడితే గాని అందనిది నారికేళపాకం. ఇక్కడ పాకం అంటే పండిన తీరు.

‘సంబంధం పాకాన పడింది’ అనే నుడికారం మాత్రం ఈ రెండు అర్థాలకూ చుట్టమే. మాటలు సాగి సాగి, వ్యవహారం ఒక కొలిక్కి వచ్చే దశకు చేరిందని దాని భావం. నిన్న మొదలైన పనికి ఆ మాట అతకదు.

చివరగా, పానకాన్నీ పాకాన్నీ కలిపేయకూడదు. పానకం తాగటం అనే అర్థమున్న ‘పాన’ శబ్దం నుంచి వచ్చింది. శ్రీరామనవమికి బెల్లం, మిరియాలు, ఏలకులు నీటిలో కలిపి చేసే పానకానికి పొయ్యితో పనే లేదు.