ఆదిమానవుడి పాఠం: పాటు చూసుకుని దిగండి

తోటి సోషల్ మాస్టార్లకి ఒక్క మాట. ఆదిమానవుడి పాఠం రాగానే రాతిగొడ్డలి బొమ్మ వేయించి ఊరుకోకండి. నిజం రాయి చూపిద్దామన్నా మన డెల్టాలో ఎక్కడిది? లంకలూ కొబ్బరితోటలూ ఉన్న ఈ నేలలో చాలాభాగం గత ఆరేడు వేల ఏళ్లలో గోదారి పోసిన ఒండ్రే. 20,000 ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి ఒడ్డున ఎవరైనా బతికి ఉంటే, ఆ ఆనవాళ్లు ఇప్పుడు నీళ్ల అడుగునే. అందుకని నేను పిల్లల్ని ఏటి బురదలో గుల్లలు వెతకడానికి దింపి, ఆదిమానవుల లెక్క నేర్పుతాను. పోటుపాట్ల లెక్క, అంటే నీళ్లు ఎప్పుడు పొంగుతాయో (పోటు), ఎప్పుడు తీస్తాయో (పాటు) కట్టే లెక్క.

ముందు పంచాంగం తియ్యండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి నీళ్లు బాగా తీస్తాయి. అష్టమి దగ్గర్లో వెళ్తే బురద పెద్దగా బయటపడదు, పిల్లలకి బోరు. పోటు రోజుకి రెండు ఘడియల చొప్పున, అంటే దాదాపు 50 నిమిషాలు, ఆలస్యమవుతుంది. ఎల్లుండి టైము పిల్లల్నే కట్టమనండి. ఇవాళ్టిది మాత్రం రేవులో వల బాగుచేసుకునేవాళ్లని "బాబాయ్, పాటు ఎన్నింటికి?" అని అడగాల్సిందే. ఫోన్‌లో కాకినాడకి చూపించే టైము తాళ్ళరేవు ఏటి మలుపుల్లో కుదరదు.

దక్షిణాఫ్రికాలో పినాకిల్ పాయింట్ గుహలో, 1,64,000 ఏళ్ల కిందట మనుషులు తిని పారేసిన గుల్లలు దొరికాయి. చంద్రుణ్ణి చూసుకుని, నీళ్లు బాగా తీసే రోజులకే వాళ్లు ఒడ్డుకి దిగేవారని అక్కడ తవ్విన పరిశోధకుల అంచనా. ఈ సంగతి బురదలో నిలబడి చెప్పండి.

నీళ్లు లాగుతుండగా దిగి, లాగడం ఆగగానే గట్టుకి తిరగాలి. పోటు మొదట్లో మెల్లగానే ఉంటుంది, మధ్య గంటల్లో జోరందుకుంటుంది. పైగా చిన్న కాలవలు ముందే నిండి వెనకదారి మూసేస్తాయి. మడచెట్లలో ఒకటైన తిల్ల ఆకు ఎవర్నీ తుంచనివ్వకండి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. కోరంగి అభయారణ్యంలో ఏదీ ఏరకూడదు, ఊరి వైపు బురదమేటలు చాలు.

గుల్ల కోసం కళ్లతో వెతికితే లాభం లేదు. అరికాలు ఎత్తకుండా బురదలో మెల్లగా జరపాలి. గట్టిగా, గుండ్రంగా ఏదైనా తగిలితే అక్కడే ఆగి చెయ్యి పెట్టాలి. వీపు మీద దువ్వెన పళ్లలా గట్లుంటే అది ఎర్రనెత్తురు గుల్ల. ఫస్ట్ ర్యాంకు వాళ్లకి తరచూ ఒక్కటీ దొరకదు. వాళ్లమ్మతో గుల్లలకెళ్లే పిల్ల మాత్రం చూస్తుండగానే గిన్నె నింపేస్తుంది. మిగతావాళ్లకి ఆ పిల్ల చేతే చెప్పించండి, మీరు పక్కకి తప్పుకోండి.

దొరికిన ప్రతి గుల్లనీ అక్కడికక్కడే స్కేలుతో కొలిపించి నోట్సులో రాయించండి. ఆ కాలం వాళ్లు చెట్టూ చేమకీ దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్న ఋషులని మాత్రం చెప్పొద్దు. మనుషులు తిని పారేసిన కొన్ని పాత గుల్లదిబ్బల్లో, కింది పాత పొరల నుంచి పైపొరలకొచ్చే కొద్దీ గుల్లల సైజు తగ్గింది. పెద్దవన్నీ ఏరుకుపోతే అంతే మరి. వచ్చే ఏడు అదే మేట మీద మళ్లీ కొలిచి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. కొలవడం అయ్యాక అన్నిటినీ తీసినచోటే బురదలో దింపి రండి.