సుమ్మిటార్‌కు అనంతం కుదరకపోతే: నా అనుభవం

లైట్జ్ వారి పాత స్క్రూ లెన్సు 50 మి.మీ. సుమ్మిటార్‌ను అడాప్టరు రింగుతో లైకా ఎం కెమెరాకు బిగిస్తే, దగ్గరి వస్తువులకు రేంజ్‌ఫైండర్‌లో (బింబాలను కలిపి ఫోకసు కుదిర్చే సాధనం) రెండు బింబాలూ చక్కగా కలిసేవి కానీ, అనంతం (అతి దూరపు వస్తువుల ఫోకసు) గుర్తు వరకు తిప్పినా దూరం నుంచి చూసే విజయనగరం గంటస్తంభం మాత్రం రెండుగానే కనబడేది, ఫొటోలోనూ మసకబారేది. గ్రీజు మార్చడం, అద్దాలు తుడవడం, లెన్సు కదలికను రేంజ్‌ఫైండరుకు అందించే, కెమెరాలోని రోలరును సరిచూడటం ఫలించలేదు.

దోషం చవక అడాప్టరు రింగులో ఉంది. స్క్రూ మౌంటుకు (కెమెరా మీద లెన్సు ఆనే చోటుకు) ఫిల్ము నుంచి 28.8 మి.మీ., ఎం మౌంటుకు 27.8 మి.మీ. దూరం ఉంటుంది గనుక రింగు మందం సరిగ్గా 1 మి.మీ. ఉండాలి, లేతు షాపువారి మైక్రోమీటరు 1.08 చూపింది. ఆ కాస్త తేడాకే 50 మి.మీ. లెన్సు ఫోకసు సుమారు 30 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. రేంజ్‌ఫైండరును నడిపే అంచు కూడా లెన్సుతోపాటే ముందుకు జరుగుతుంది కాబట్టి దగ్గరి దూరాల్లో లోపం బయటపడదు. నన్ను తిప్పలు పెట్టింది ఇదే.

రింగును విడదీసి, మందపాటి గాజుపలక మీద తడిపిన 800 నంబరు ఎమెరీ పేపరు పరిచి, లెన్సు ఆనే ముఖాన్ని మాత్రమే, వేళ్ల బరువు అన్నివైపులా సమంగా పడేలా రుద్దాను. కొద్దికొద్దిగా రుద్దుతూ, ప్రతిసారీ రింగును పావు వంతు తిప్పి, నాలుగు చోట్లా కొలిచి, 1.00 రాగానే ఆపాను. లోహపు పొడి కెమెరాలోకి పోతే కొత్త తలనొప్పి గనుక, సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాకే బిగించాను. ఇప్పుడు గంటస్తంభం ఒక్కటిగానే కనిపిస్తోంది.

దగ్గరి దూరాల్లోనూ బింబాలు కలవకపోతే కారణం వేరే కావచ్చు, 90 మి.మీ. లెన్సుల్లో లక్షణాలూ ఇలాగే ఉండవు. ఒకసారి అరిగిన రింగుకు మందం తిరిగి రాదు, కొలవకుండా మాత్రం రుద్దకండి.